‘ఎవరు?’ కాదు, ముందు ‘ఎక్కడ?’ అని అడగండి

ఒక రాత్రిని ఊహించుకోండి. కాజీపేట జంక్షన్. సిర్పూర్ కాగజ్‌నగర్, మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి దాటుకుని ఒక ఎక్స్‌ప్రెస్ వస్తోంది. ప్లాట్‌ఫారం మీద జనమంతా తలలెత్తి కోచ్ నంబర్లు వెతుక్కుంటున్నారు. పట్టాలకు అటొకరు, ఇటొకరు ఇద్దరు మనుషులు మాత్రం గొంతుక్కూర్చుని చక్రాల మీదికి టార్చ్ కొడుతున్నారు. బండి వాళ్ల ముందు నుంచి నెమ్మదిగా దొర్లుతోంది. చూపు కిందికి, చెవి బండికి. రైల్వేలో దీన్ని ‘రోలింగ్ ఇన్’ పరీక్ష అంటారు. వేలాడుతున్న భాగాలు, తిరగకుండా ఈడ్చుకొస్తున్న చక్రం, కాలిన వాసన, అలవాటు లేని చప్పుడు: వీటిలో కొన్ని నిలబడ్డ బండిలో దొరకవు, కదిలే బండిలోనే దొరుకుతాయి.

బండి ఆగింది. ముప్పై ఏళ్లు ఈ పనిలోనే ఉన్న ఫిట్టర్ లేచి జూనియర్ ఇంజినీర్ దగ్గరికి వచ్చాడు.

“సార్, ఎస్-4 కింద సప్పుడు వేరే తీరుగ ఉన్నది.”

జేఈకి ఇరవై ఆరేళ్లు. మంచిర్యాల పిల్లవాడు. పాలిటెక్నిక్ చదివి, కరీంనగర్‌లో గది తీసుకుని పోటీ పరీక్ష రాసి ఈ కుర్చీలోకి వచ్చాడు. అదే క్షణంలో జేబులో ఫోన్ మోగింది. రైళ్ల రాకపోకలు నడిపించే కంట్రోల్ నుంచి. బండి ఇప్పటికే లేటు.

ఇప్పుడు అతని నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటి?

“ఇది బయలుదేరిన కాడ చూసిందెవరు?” అనొచ్చు. “నీకెప్పుడూ ఏదో ఒక సప్పుడు ఇనొస్తది” అనొచ్చు. “ఎక్కడ కాకా? ముందు బోగీనా, వెనుకదా?” అని కూడా అనొచ్చు.

మూడూ మూడు సెకన్ల మాటలే. అయితే మొదటి రెండిట్లో ఏది అన్నా, వచ్చే నెల అదే ఫిట్టర్‌కు అదే చప్పుడు వినిపిస్తే లేచి వస్తాడన్న హామీ లేదు. ఈ అధ్యాయం ఆ మూడు సెకన్ల గురించే.

176 చక్రాలు, రెండు కళ్లు

చిన్న లెక్క వేద్దాం. 22 కోచ్‌ల బండి. మనం మాటల్లో కోచ్‌ను బోగీ అంటాం కానీ, రైల్వే పనివాళ్లకు బోగీ అంటే కోచ్ కింద చక్రాలను పట్టుకుని ఉండే చట్రం. ఒక్కో కోచ్‌కు రెండు బోగీలు, నాలుగు ఇరుసులు, ఎనిమిది చక్రాలు. మొత్తం 176 చక్రాలు. ఎల్‌హెచ్‌బీ రకం కోచ్‌లైతే ఒక్కో ఇరుసు మీద రెండు బ్రేక్ డిస్కులు, అంటే మరో 176. ఆపైన స్ప్రింగులు, గొట్టాలు, కప్లింగులు.

నడుమ స్టేషన్‌లో బండి ఆగేది కొద్ది నిమిషాలే. ఎంత తెలివైన సూపర్‌వైజర్‌కైనా ఉన్నవి రెండే కళ్లు. అన్నీ తానే చూడలేడు. కానీ కాగితం మీద సంతకం మాత్రం అతనిదే.

సూపర్‌వైజర్ ఉద్యోగంలోని అసలు చిక్కు ఇదే. మీ కన్ను చూడనిదానికి మీ చెయ్యి సంతకం పెట్టాలి. కాబట్టి మీ నైపుణ్యం స్పానర్ పట్టడంలో ఎంతుందో, స్పానర్ పట్టినవాడు మీకు నిజం చెప్పేలా చేసుకోవడంలో అంతకన్నా ఎక్కువ ఉండాలి. మంచి వార్త ఎలాగూ నడుచుకుంటూ వస్తుంది. చెడ్డ వార్తకే దారి వేయాలి.

ఈ మాట మన ప్రాంతపు పిల్లలకు ఇప్పుడే ఎందుకు చెప్పాలంటే, పని మన గుమ్మం ముందుకు వస్తోంది. కాజీపేట-బల్లార్షా మార్గం 1929లో పూర్తయి ఉత్తరాదిని దక్షిణాదితో కలిపింది. 2022లో ఆ మార్గం మీద గరిష్ఠ వేగాన్ని గంటకు 130 కిలోమీటర్లకు పెంచారు. 2024 సెప్టెంబర్ 16న మొదలైన నాగపూర్-సికింద్రాబాద్ వందే భారత్‌కు రామగుండంలో ఆగే వీలిచ్చారు. కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ అన్న మాటను మన పెద్దలు దశాబ్దాల తరబడి విన్నారు; చివరికి 2023 జూలై 8న అక్కడ రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. ఐటీఐ, డిప్లొమా చేతపట్టుకున్న మన పిల్లలు రేపు రెంచీ పడతారు. ఎల్లుండి రెంచీ పట్టినవాళ్ల మీద సూపర్‌వైజర్లవుతారు. మొదటిది నేర్పే చోట్లు చాలా ఉన్నాయి. రెండోది సాధారణంగా ఎవరూ నేర్పరు.

మొదటి మెట్టు: మనిషికి రక్షణ, తర్వాతే బండికి

కోచ్ కిందికి మనిషిని పంపే ముందు ఆ బండి కదలదని ఖాయం చేయాలి. బండికి రెండు వైపులా పగలైతే ఎర్ర జెండా, రాత్రైతే ఎర్ర దీపం. స్టేషన్ వాళ్లకు సమాచారం. పైకప్పు మీద పనైతే తలపైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది. కరెంటు ఆపి, కాగితం చేతికొచ్చాకే నిచ్చెన ఎక్కాలి.

ఇవన్నీ నిబంధనల పుస్తకంలో ఉన్నవే. మీ మనుషులు చూసేది, తొందర ఉన్న రోజు కూడా మీరు వాటిని పాటిస్తారా అని. “రెండు నిమిషాల పనే కదా, జెండా దేనికి?” అని మీరు ఒక్కసారి అన్నారంటే, తన ప్రాణం కన్నా బండి టైమే మీకు ఎక్కువని ఆ మనిషికి అర్థమైపోతుంది. అలా అర్థమైనవాడు బండి కింద కనబడ్డ లోపాన్ని మీ కోసం మోసుకొస్తాడని ఆశపడకండి. తన గురించి పట్టించుకునే మనిషికే ఎవరైనా కష్టం చెప్పుకుంటారు.

రెండో మెట్టు: మొదటి ప్రశ్న ‘ఎక్కడ?’

లోపం చెప్పిన మనిషిని మీరు అడిగే మొదటి ప్రశ్న పనినంతా ఒక దారిలో పెడుతుంది. ‘ఎవరు?’ అని మొదలుపెడితే పది మందీ తమను కాపాడుకునే పనిలో పడతారు. ‘ఎక్కడ?’ అని మొదలుపెడితే అదే పది మంది బండి వైపు నడుస్తారు.

వరస ఇలా ఉండనివ్వండి: ఎక్కడ? ఎట్లున్నది? ఎప్పటి నుంచి? ఇప్పుడేం చేద్దాం? ‘ఎవరు’ అన్న ప్రశ్నను వద్దనడం లేదు. దాని చోటు చివర. బండి వెళ్లిపోయాక, కడుపులో చాయ్ పడ్డాక, గొంతు తగ్గించి అడగాల్సిన ప్రశ్న అది. అప్పటికి చాలాసార్లు ‘ఎవరు’ కాస్తా ‘ఎందుకు’గా మారిపోతుంది. కొలమానం అరిగిపోయిందనో, ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడికి అప్పజెప్పారనో తేలుతుంది.

సింగరేణి ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. గోదావరిఖనిలోనో, మందమర్రిలోనో, బెల్లంపల్లిలోనో భూగర్భ గనిలో దిగిన పెద్దమనిషిని అడగండి. అక్కడ భద్రత చూసే సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టి చప్పుడొస్తే రాయి పట్టుకుని ఉన్నట్టు. బోలు చప్పుడొస్తే పొర వదిలినట్టు. అక్కడ “ఈ కప్పు కింద ఆధారం పెట్టింది ఎవడు?” అని నిలబడి తగువు పెట్టుకునేవాడు ఉండడు. ముందు మనుషులు పక్కకు జరుగుతారు. పాతకాలపు రైల్వేలో సుత్తితో చక్రాన్ని కొట్టి విన్నదీ ఇదే విద్య: గంటలా మోగితే చక్రం బాగున్నట్టు, మొద్దుగా పలికితే పగులు వెతకాలన్నట్టు. బొగ్గు గనిలోనైనా, రైలు పట్టాల మీదైనా బతికించింది చెవే.

మూడో మెట్టు: వాదన తేల్చేది హోదా కాదు, గేజ్

జేఈ ఒకటంటాడు, ఫిట్టర్ ఇంకొకటంటాడు. ఎవరి మాట చెల్లాలి? పెద్ద కుర్చీదే చెల్లితే, చిన్న కుర్చీ మరుసటి రోజు నుంచి నోరు మూసుకుంటుంది.

రైల్వే పనిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. దాదాపు ప్రతిదానికీ కొలత ఉంది. మన బ్రాడ్ గేజ్‌లో ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 1600 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్లు ఎక్కువ, 1 మిల్లీమీటరు తక్కువ వరకే ఒప్పుకుంటారు. కోచ్ బఫర్ ఎత్తు పట్టాల నుంచి 1105 మిల్లీమీటర్లు దాటకూడదు, 1030కి తగ్గకూడదు. బ్రేక్ పట్టేసి చక్రం తిరగకుండా జారితే, పట్టాను తాకే చోట అరిగి చదునవుతుంది. ఆ తర్వాత తిరిగిన ప్రతిసారీ టప్, టప్ అని కొడుతూనే ఉంటుంది. ఆ చదును ఎంత పొడవు వరకు చెల్లుతుందన్నదానికీ హద్దు ఉంది.

కాబట్టి వాదన మొదలైతే గొంతు పెంచకండి, కొలిచే గేజ్ తెప్పించండి. దాన్ని మీరు పట్టకండి, ఫిట్టర్ చేతికే ఇవ్వండి. కొలత అతని మాటే నిజమని చెబితే పది మంది వినేలా ఒప్పుకోండి: “కాకా చెప్పిందే కరెక్ట్.” ఆ మాటతో మీ పరువు పోదు. ఇక్కడ గెలిచేది కొలత తప్ప కుర్చీ కాదన్న నమ్మకం ఆ పది మందిలో పుడుతుంది. వాళ్లలో ఒకడు రేపు మీ తప్పును కూడా పట్టుకుంటాడు. అతన్ని కాపాడుకోండి.

నాలుగో మెట్టు: ఒత్తిడిని మీ దగ్గరే ఆపండి

కంట్రోల్ నుంచి ఫోన్ చేసేవాళ్లు శత్రువులేం కాదు. ఈ బండి వెనుక ఇంకో నాలుగు బండ్లు ఆగి ఉంటాయి. వాళ్ల తొందరకు కారణం ఉంది. కానీ ఆ తొందరను యథాతథంగా ఫిట్టర్ వీపు మీదికి బదలాయిస్తే మీరు సూపర్‌వైజర్ కాదు, స్పీకర్ పెట్టె.

ఫోన్‌లో నాలుగే ముక్కలు చెప్పండి: ఏం కనబడింది, ఏం చేస్తున్నాం, మళ్లీ ఎప్పుడు చెబుతాం, తేలకపోతే ఏమవుతుంది.

“ఎస్-4 ముందు బోగీలో చప్పుడు తేడాగా ఉంది. చూస్తున్నాం. ఎనిమిది నిమిషాల్లో నేనే ఫోన్ చేస్తాను. తేలకపోతే కోచ్‌ను సిక్ చేయాల్సి రావచ్చు.”

లోపం ఉన్న కోచ్‌ను బండి నుంచి విడదీయడాన్ని రైల్వేలో ‘సిక్’ చేయడం అంటారు. జబ్బుపడ్డ మనిషిలా దాన్ని సిక్ లైన్‌కు తీసుకెళ్తారు. ఆ కోచ్‌లో బెర్తులున్న కుటుంబాలకు అర్ధరాత్రి అదెంత అవస్థో మీకూ తెలుసు. అందుకే ‘రావచ్చు’ అన్న మాట ముందే చెప్పి ఉంచాలి. అవతలివాళ్లు వేరే ఏర్పాటు ఆలోచించుకుంటారు.

చెప్పిన ఎనిమిదో నిమిషానికి, ఏమీ తేలకపోయినా, ఫోన్ చేయండి. మాట మీద నిలబడేవాడిని కంట్రోల్ కూడా మాటిమాటికీ కదిలించదు. అలా దొరికిన ఎనిమిది నిమిషాల నిశ్శబ్దం మీరు మీ ఫిట్టర్‌కు ఇవ్వగలిగిన అన్నిటికన్నా విలువైన పనిముట్టు.

చెడ్డ వార్త వచ్చింది, దిగడానికి చోటు లేదు

జర్మనీలో ఎషెడే అనే ఊరుంది. 1998 జూన్ 3న మ్యూనిక్ నుంచి హాంబర్గ్ వెళ్తున్న హైస్పీడ్ రైలు గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పోతుండగా ఒక చక్రపు పైకట్టు విరిగింది. ఆ చక్రం రెండు ముక్కలది. కుదుపు తగ్గాలని లోపలి చక్రానికీ, పైకట్టుకూ నడుమ రబ్బరు పొర పెట్టారు. విరిగిన లోహపు ముక్క కోచ్ నేలను చీల్చుకుని పైకి పొడుచుకొచ్చింది. చూసిన ప్రయాణికుడు వెళ్లి రైలు ఉద్యోగికి చెప్పాడు. ఆ ఉద్యోగి ముందు తాను చూసి నిర్ధారించుకోవాలనుకున్నాడు. అత్యవసర బ్రేక్ ఎవరూ లాగలేదు. కొద్ది నిమిషాల్లో రైలు పట్టాలు తప్పి వంతెనను కొట్టింది. 101 మంది చనిపోయారు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది చక్రం గురించి ఒక్కటే కాదు. ఆ చక్రం ఉన్న బోగీ నుంచి శబ్దం, కుదుపు వస్తున్నాయని అంతకు ముందు వారాల్లోనే రైలు సిబ్బంది పలుమార్లు ఫిర్యాదు రాశారు. అంటే చెడ్డ వార్త రాకపోవడం కాదు, వచ్చింది. ఆ రోజు ప్రయాణికుడి నోటి నుంచి కూడా వచ్చింది. దాన్ని అందుకుని, అక్కడికక్కడే పని ఆపే చెయ్యి లేకపోయింది.

ఇప్పుడు యంత్రాలు కూడా వార్తలు మోస్తున్నాయి. పట్టాల పక్కన అమర్చిన పరికరాలు వేడెక్కిన ఇరుసును పట్టి చెబుతాయి. 2017 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ మెట్రో వంటి కొత్త తరం రైళ్లలో లోపాలు తెర మీద కనబడతాయి. యంత్రానికి భయం లేదు, మొహమాటం లేదు. ఎవరు కోప్పడినా ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. కానీ తెర మీద పదే పదే వచ్చే హెచ్చరికను “ఇది రోజూ ఉండేదే” అని నొక్కి తీసేయడానికి మనిషి అలవాటు పడిపోతాడు. రోజూ ఉండేదైతే రోజూ లోపం ఉన్నట్టు లెక్క.

ఐదో మెట్టు: చూడనిది చూసినట్టు రాయకండి

రైలు బయలుదేరే ముందు బ్రేక్ పవర్ సర్టిఫికెట్ రాస్తారు. ప్రయాణికుల బండి మొదలయ్యే స్టేషన్‌లో బ్రేక్ శక్తి 100 శాతం ఉండాలన్నది నియమం. దాని మీద క్యారేజ్ అండ్ వ్యాగన్ సూపర్‌వైజర్ సంతకం ఉంటుంది. లోకో పైలట్, ట్రైన్ మేనేజర్ (ఇదివరకటి గార్డు) కూడా చేస్తారు. ఇంజిన్‌లో కూర్చున్న మనిషి ఆ సంతకాన్ని నమ్మి 130 వేగం అందుకుంటాడు. ఆ వేగంలో ఉన్న బండి ఆగాలంటే కిలోమీటరు దాకా పడుతుంది. వెయ్యికి పైగా మనుషులు మీ పేరు కూడా తెలియకుండా మీ చేతిరాత మీద నిద్రపోతారు.

అందుకని రిజిస్టర్‌లో మూడు రకాల మాటలు కలవనివ్వకండి: నేను చూశాను, నాకు చెప్పారు, చూడలేదు. “పరీక్షించాం, బాగుంది” అన్న ఒక్క వాక్యంలో ఈ మూడూ దాక్కోగలవు. “ఎస్-4 ముందు బోగీ చూశాం. వెనుక బోగీ టైం చాలక చూడలేదు, తర్వాతి స్టేషన్‌కు చెప్పాం” అని రాయండి. ‘చూడలేదు’ అని రాయడానికి సిగ్గుపడని చోటే ‘చూశాను’కు విలువ ఉంటుంది.

కోచ్ జీవితం పొడవైనది. పిట్ లైన్ నుంచి డిపోకు, డిపో నుంచి పెద్ద మరమ్మతుకు వర్క్‌షాప్‌కు పోతుంది. సికింద్రాబాద్ లాలాగూడ వర్క్‌షాప్ నిజాం రైల్వే కాలంలో, 1893లో మొదలైంది. చేతులు మారాయి, కోచ్‌ల రకాలు మారాయి, పని ఆగలేదు. ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకు, ఒక తరం నుంచి ఇంకో తరానికి అంత కాలం పని దాటించింది జ్ఞాపకం కాదు, రాత. డ్యూటీ దిగేటప్పుడు “అంతా బాగుంది” అని చెప్పి పోకండి. “దీని మీద నాకు అనుమానం ఉంది” అని ఒక్కటైనా చెప్పి పొండి.

ఈ వారం చేసి చూడండి

మీది రైల్వే ఉద్యోగం కాకపోవచ్చు. ఆర్టీసీ డిపో కావచ్చు, రైస్ మిల్లు కావచ్చు, రామగుండం కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని కావచ్చు. మీ కింద నలుగురు పనిచేస్తుంటే ఇది మీకే.

1. ఈ వారం మీ దగ్గరికి వచ్చిన చెడ్డ వార్తలను చిన్న పుస్తకంలో రాయండి. ఒక్కటీ రాలేదంటే సంతోషించకండి. రావాల్సిన దారి ఎక్కడ మూసుకుపోయిందో వెతకండి.

2. ప్రతి వార్త పక్కన మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట రాయండి. అది ‘ఎవరు’ అయితే కింద గీత గీయండి. వారం చివర గీతలు లెక్కపెట్టండి.

3. రోజూ పది నిమిషాలు, ఏమీ మాట్లాడకుండా, పని జరిగే చోట గొంతుక్కూర్చోండి. నిలబడితే కనబడనివి కూర్చుంటే కనబడతాయి.

4. మీ కన్నా చిన్న హోదాలో ఉన్నవాళ్ల మాట నిజమైన ఒక సందర్భాన్ని అందరి ముందు చెప్పండి.

5. సంతకం పెట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇందులో నేను చూడనిది ఏది?

ఏమీ దొరకని రాత్రి

మళ్లీ ఆ ప్లాట్‌ఫారం మీదికి పోదాం. జేఈ ‘ఎక్కడ?’ అనే అడిగాడు. ఎర్ర దీపాలు పెట్టించాడు. ఇద్దరూ ఎస్-4 కిందికి వంగారు. బేరింగు వేడి చూశారు, మామూలుగానే ఉంది. చక్రం చుట్టూ చూశారు, చదును లేదు. డిస్కులు, ప్యాడ్‌లు, స్ప్రింగులు, బోల్టులు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బండిని నాలుగడుగులు కదిలించి విన్నారు. తేడా ఏమీ లేదు. కంట్రోల్‌కు ఫోన్ చేసి పంపించేశారు. తొమ్మిది నిమిషాలు ఆలస్యం.

తెల్లారితే ఆ తొమ్మిది నిమిషాలకు సంజాయిషీ రాయాలి. ఫిట్టర్ తల వంచుకుని నిలబడ్డాడు. నిజంగా లోపం దొరికిన రాత్రి సూపర్‌వైజర్‌గా ఉండటం తేలిక, అందరూ మెచ్చుకుంటారు. పరీక్షంతా ఏమీ దొరకని రాత్రే.

జేఈ కాగితం తీసుకుని రాశాడు: చప్పుడు తేడాగా ఉన్నట్టు తెలియడంతో పరీక్ష కోసం నేనే బండి ఆపాను. లోపం లేదని తేలింది. తర్వాతి స్టేషన్‌లో గమనించమని చెప్పాను. కింద తన సంతకం. ఎక్కడా ఫిట్టర్ పేరు లేదు.

“సార్, నా వల్ల మీకు మాటొస్తది.”

“మాట నేను పడ్త తియ్ కాకా. నీకు మల్ల ఇనొస్తే మల్ల చెప్పు.”

దూరంగా ఇంకో బండి హారన్ కొట్టింది. ఫిట్టర్ టార్చ్ తీసుకుని పట్టాల పక్కకు పోయి, ఎప్పటిలాగే గొంతుక్కూర్చున్నాడు.